నిన్న పొద్దున్నుంచీ ఏం చేశారు?

ఉత్తరం కింద సంతకం అన్నయ్యదే.

గువ్వ రెండోసారి చూసింది. అనుమానానికి తావే లేదు. చివరి గీతను పైకి లాగి వంచే ఆ అలవాటు ఆమెకు బడికి వెళ్ళే రోజుల నుంచీ తెలుసు. ప్రోగ్రెస్ కార్డు మీద నాన్న పెట్టాల్సిన చోట పన్నెండేళ్ళపాటు ఆ సంతకమే ఉండేది.

ప్రణాళికా శాఖ నుంచి యూనివర్సిటీ అర్థశాస్త్ర విభాగానికి వచ్చిన ఉత్తరం అది. పరిశోధక విద్యార్థిని, అంటే గువ్వ, రాసిన సిద్ధాంత గ్రంథంలో నాలుగో అధ్యాయం శాఖవారి సర్వేను తప్పుగా అర్థం చేసుకుందనీ, శాఖ దాన్ని పరిశీలించేదాకా వైవా వాయిదా వేస్తే బాగుంటుందనీ రాశారు. వాయిదా వీలుకాకపోతే రేపు శాఖ ప్రతినిధి స్వయంగా వచ్చి అభ్యంతరం చదివి వినిపిస్తారట.

గైడు మేడమ్ దాన్ని ఫోటో తీసి పంపి, కింద ఒక్క ముక్క రాసింది. వాయిదా వేయించమంటావో వద్దంటావో సాయంత్రంలోగా చెప్పమని.

ముప్పై నాలుగేళ్ళు వచ్చినా ఆ ఇంట్లో ఆమె గువ్వే. ఆరేళ్ళ చదువు, రెండేళ్ళు వీధి వీధీ తిరిగిన తిరుగుడు, అన్నీ రేపు పదకొండు గంటలకు ఒక బల్ల ముందు తేలిపోవాలి. ఆ బల్లకు అడ్డంగా ఇప్పుడు అన్నయ్య వచ్చి నిలబడ్డాడు.

మూడు రోజుల క్రితం నాలుగో అధ్యాయం చదివి పుస్తకం టప్పున మూసి లేచిపోయినప్పటినుంచీ అతను ఆమె ముఖం చూడటం లేదు. కంచం పట్టుకుని తన గదిలోకి వెళ్ళిపోతున్నాడు. ఇంట్లో నలుగురున్నారు, నాలుగు మాటలు లేవు.

ఆమె ఫోను చేతిలో పట్టుకుని నేరుగా ముందు గదిలోకి వెళ్ళింది. అన్నయ్య ఆఫీసుకు తయారై అద్దం ముందు నిలబడి చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు. ఆ పక్కనే కిటికీ దగ్గర అమ్మ, ఒళ్ళో చొక్కాల కట్ట. వీధి చివరి కుట్టు షాపు నుంచి పొద్దున్నే వచ్చే చొక్కాలకు అమ్మ కాజాలు కుట్టి సాయంత్రానికి పంపేస్తుంది. నాన్న పోయిన ఏడాది మొదలుపెట్టింది, ఇప్పటికీ మానలేదు.

"చూశావా?" అన్నాడు అన్నయ్య, అద్దంలోంచే.

"చూశాను. సంతకం కూడా చూశాను."

"పెట్టమన్నారు, పెట్టాను. నేను కాకపోతే ఇంకొకడు పెడతాడు."

"ఆ ఇంకొకడే పెట్టి ఉంటే బాగుండేది, అన్నయ్యా."

అతను గుండీ వదిలేసి ఇటు తిరిగాడు. మూడు రోజులు బిగబట్టిందంతా ఒక్కసారిగా బయటికొచ్చింది. తను ఇరవై ఒక్కేళ్ళకు చదువు మానేసి అదే శాఖలో అడుగున చేరిన సంగతి, ఒక్కో మెట్టూ ఎక్కి ఉపసంచాలకుడైన సంగతి, ఆ మెట్లన్నిటిలోకీ తను తలెత్తుకుని చెప్పుకునేది ఆ ఒక్క నివేదికేనన్న సంగతి. ఆడవాళ్ళు పనులు మానేసి ఇళ్ళకు చేరుతున్నారని దేశం మొత్తానికి లెక్క తేల్చిన నివేదిక అది. దాని ఆధారంగానే కొత్త ఉపాధి విధానం ముసాయిదాలో ఒక పేరా చేరింది. పనిచేసే తల్లులు తగ్గిపోతున్నారు కాబట్టి వీధుల్లోని శిశు సంరక్షణ కేంద్రాలను దశలవారీగా మూసేయవచ్చని. వచ్చే నెల అది మంత్రివర్గం ముందుకు వెళ్తుంది.

"ఇల్లిల్లూ తిరిగే ఉద్యోగం నీకు ఇప్పించింది ఎవరు? నేను. అక్కడ నేర్చుకున్న విద్యతో నా నెత్తినే చెయ్యి పెట్టావు."

గువ్వకూ తెలుసు, ఆ మాట అబద్ధం కాదు. పరిశోధనకు ముందు రెండేళ్ళు ఆమె ఆ శాఖ సర్వేకి పనిచేసింది. ఏ తలుపు తట్టినా ఎవరో ఒకామె దారం చేత్తో పట్టుకునో, జిగురు అంటిన వేళ్ళతోనో వచ్చి తలుపు తీసేది. మీరు పని చేస్తున్నారా అని ఫారంలో ఉన్న ప్రశ్న అడిగితే లేదనేది. గువ్వ 'లేదు' దగ్గర టిక్కు పెట్టి పక్కింటికి వెళ్ళేది. ఆ టిక్కులే తర్వాత ఆమెను నిద్రపోనివ్వలేదు.

"నీ నివేదిక తప్పని నేను రాయలేదు," అంది చివరికి. "ప్రశ్న తప్పని రాశాను."

"ప్రశ్నలో తప్పేముందే? పని చేస్తూ చేస్తూ చెయ్యట్లేదని ఏ మనిషైనా ఎందుకు చెబుతుంది? నువ్వే వాళ్ళ నోట్లో మాట పెట్టావు." అతను చుట్టూ చూశాడు, సాక్షి కోసం చూసినట్టు. "అమ్మా, నువ్వు చెప్పు. రేపు సర్వేవాళ్ళొచ్చి నువ్వు పని చేస్తున్నావా అని అడిగితే ఏం చెబుతావు?"

అమ్మ పంటితో దారం తెంపింది. కుట్టిన కాజా వెలుతురుకు పట్టి చూసుకుంది.

"నాకేం పనిరా. ఇంట్లోనే ఉంటున్నానని చెబుతా."

గదిలో ఎవరూ కదలలేదు. ఎందుకలా అయిపోయారో అర్థంకాక అమ్మ ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసింది.

"మరేం చెప్పమంటావ్?" అంది కొడుకుతోనే, కాస్త నొచ్చుకుంటూ. "కొడుకు అంత పెద్ద ఆఫీసరు, తల్లి ఇంకా ఊళ్ళోవాళ్ళ చొక్కాలు కుడుతోందని పరాయివాళ్ళ దగ్గర చెప్పుకోనా? నీ పరువేం కావాలి?"

అన్నయ్య మిగిలిన గుండీ పెట్టుకోకుండానే సంచీ భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. టిఫిను డబ్బా బల్ల మీదే ఉండిపోయింది.

మధ్యాహ్నందాకా గువ్వ ఏదీ తేల్చుకోలేకపోయింది. వాయిదా వేయించుకోవడం తేలిక. నెలా రెండు నెలలు. ఈలోగా ముసాయిదా మంత్రివర్గం దాటిపోతుంది, అన్నయ్య నివేదిక అలాగే నిలబడుతుంది, ఆ తర్వాత తన నాలుగో అధ్యాయం లైబ్రరీలో దుమ్ము కొట్టుకుంటూ నిక్షేపంగా ఉంటుంది. ఎవరికీ ఏ బాధా లేదు. పరిశోధన కోసం తను తలుపు తట్టిన మూడువందల పన్నెండు ఇళ్ళవాళ్ళకు తప్ప.

బడి నుంచి వచ్చిన వదిన ఆమె ముఖం చూస్తూనే సంగతంతా గ్రహించింది. వదిన హైస్కూల్లో లెక్కల టీచరు, మాట పొదుపు. చెప్పులు విప్పుతూ, అలిగి అన్నం మానేయడం మీ అన్నకు కొత్తేం కాదనీ, పెళ్ళైన కొత్తలో గోడ గడియారం ఐదు నిమిషాలు ముందుందని తను అన్నందుకు రెండు పూటలు తినలేదనీ, తర్వాత తనే స్టూలెక్కి సరిచేశాడనీ చెప్పింది.

"ఈసారి గడియారం కాదు వదినా. ఆయన ఉద్యోగం."

"అదీ నిజమే," అంది వదిన. "కానీ నీ లెక్క సరిగ్గా ఉందా లేదా? అది చెప్పు ముందు."

"ఉంది."

"అయితే వాయిదా ఎందుకు? మీ అన్నాచెల్లెళ్ళ మధ్య పడి నేను నలగడం కూడా పనే. వీలైతే అదీ పుస్తకంలో ఎక్కించు."

గువ్వకు మూడు రోజుల్లో మొదటిసారి నవ్వొచ్చింది. నవ్వుతూనే గైడు మేడమ్‌కు ఫోన్ చేసి వాయిదా వద్దని చెప్పింది.

మర్నాడు వదిన సెలవు పెట్టి తయారైంది. అమ్మను కూడా రమ్మంటే, చొక్కాలు సాయంత్రానికి అందించాలి, నాకు పనుంది, మీరు వెళ్ళండి అంది. ఆ మాట అన్నదీ ఆమే, అన్నట్టు గమనించనిదీ ఆమే. వదినా గువ్వా ఒకరినొకరు చూసుకుని గబగబా మెట్లు దిగారు.

అన్నయ్య అప్పటికే వెళ్ళిపోయాడు. ఎక్కడికో అడగనక్కర్లేదు.

సెమినారు హాల్లో నలభై కుర్చీలుంటే యాభైమంది వచ్చారు. శాఖ నుంచి అభ్యంతరం వచ్చిందన్న కబురు ఎవరు మోశారో గానీ, చరిత్ర విభాగం వాళ్ళు కూడా గోడలకు ఆనుకుని నిలబడ్డారు. బల్ల వెనక మధ్యలో విభాగాధిపతి, ఎడమవైపు గైడు మేడమ్, కుడివైపు బయటి యూనివర్సిటీ నుంచి పరీక్షకురాలిగా వచ్చిన తెల్లజుట్టు పెద్దావిడ. ఆవిడ ముందున్న గువ్వ పుస్తకం నిండా రంగు చీటీలు. ఎన్ని చీటీలో అన్ని ప్రశ్నలు.

చివరి వరసలో అన్నయ్య ఒళ్ళో ఫైలు పెట్టుకుని కూర్చున్నాడు.

గువ్వ మొదట్లో తడబడింది. ప్రొజెక్టరు మీద బొమ్మ తలకిందులుగా వస్తే ఎవరో వచ్చి సరిచేశారు. ఆ రెండు నిమిషాల్లో ఊపిరి కుదురుకుంది. ఆ తర్వాత ఆమె కాగితం చూడలేదు.

మూడువందల పన్నెండు ఇళ్ళలో తను చేసిన పని చెప్పింది. శాఖ ఫారంలో ఉన్న ప్రశ్నే అడిగితే నలభై ఒక్కమంది ఆడవాళ్ళు తాము పని చేస్తున్నామన్నారు. అదే ఇళ్ళలో, అదే ఆడవాళ్ళను, నిన్న పొద్దున లేచింది మొదలు ఏమేం చేశారో వరసగా చెప్పండని అడిగితే రెండువందల ముగ్గురు తేలారు. చెప్పుల పై తోలు కుట్టేవాళ్ళు, మందుల అట్టపెట్టెలు అతికేవాళ్ళు, పొరుగింటి పసివాళ్ళను జీతానికి చూసుకునేవాళ్ళు, పిల్లలకు పాఠాలు చెప్పేవాళ్ళు. సంరక్షణ కేంద్రం ఉన్న వీధుల్లో వీళ్ళు పనిమీద గడిపే సమయం కేంద్రం లేని వీధులకంటే దాదాపు రెట్టింపు. కేంద్రాలు మూసేస్తే పనిలేనివాళ్ళకు కాదు నష్టం, ఫారంలో కనబడని పనివాళ్ళకు.

"ఆడవాళ్ళు పని మానలేదు," అంది చివర్లో. "మనం అడగడం మానేశాం."

తెల్లజుట్టావిడ ఆ మాటకు మెత్తబడలేదు. గంటసేపు నిలబెట్టి అడిగింది. ఆ వీధులే ఎందుకు ఎంచుకున్నావు, కేంద్రం ఉన్న వీధి మొదటినుంచీ కాస్త మెరుగైన వీధి కాదని ఎలా చెబుతావు, నిన్నటి రోజు సెలవు రోజైతే ఏం చేశావు. ఒక్కో చీటీ తీసి పక్కన పెడుతూ అడుగుతూనే ఉంది. ఒకచోట గువ్వ తనకు తెలియదని ఒప్పుకుంది. ఆవిడ ఆ చీటీని మాత్రం పుస్తకంలోనే ఉంచింది.

విభాగాధిపతి గొంతు సవరించుకుని శాఖ ప్రతినిధిని పిలిచాడు.

అన్నయ్య లేచాడు. వదిన గువ్వ వైపు చూడలేదు, భర్త వైపూ చూడలేదు, తన గోళ్ళు చూసుకుంటోంది.

అతను ఉత్తరం విప్పి చదివాడు. మొదటి పేరా గడగడా చదివాడు. రెండో పేరా సగంలో ఆగి, కాగితం మడిచి, ఉత్తరంలో లేని ప్రశ్న ఒకటి అడగవచ్చా అన్నాడు. విభాగాధిపతి అడగమన్నాడు.

"మీరు మొదట మా ప్రశ్న అడిగారు. తర్వాత మీ ప్రశ్న అడిగారు."

పుట్టి బుద్ధెరిగాక అన్నయ్య నోట తనను 'మీరు' అనడం గువ్వ ఎప్పుడూ వినలేదు.

"రెండోసారి వెళ్ళేసరికి వాళ్ళకు మీరు తెలిసిన మనిషైపోయారు. భయం పోయింది, నిజం చెప్పారు. అలాంటప్పుడు ఈ తేడా ప్రశ్న వల్ల వచ్చిందా, పరిచయం వల్ల వచ్చిందా?"

గంటసేపు అడిగిన తెల్లజుట్టావిడ అడగని ప్రశ్న అది. ఆవిడ కళ్ళజోడు తీసి, తలెత్తి మరీ అతన్ని చూసింది. గైడు మేడమ్ చేతిలో పెన్ను ఆగింది. హాలంతా గువ్వ వైపు తిరిగింది.

గువ్వకు మాత్రం గుండె దిటవైంది. ఇళ్ళ జాబితా వేసుకున్ననాడు ఆమె మనసులో ఈ ప్రశ్న ఇదే గొంతుతో వినబడింది.

"సగం ఇళ్ళలో మా ప్రశ్నే ముందు అడిగాం, సార్. శాఖ ప్రశ్న వారం తర్వాత అడిగాం. అక్కడా అంతే. నిన్న ఏమేం చేశారో పొద్దున్నుంచీ పూసగుచ్చినట్టు చెప్పినవాళ్ళే, వారం తిరిగేసరికి పని చెయ్యట్లేదన్నారు. పరిచయమే కారణమైతే రెండోసారి ఎక్కువమంది ఒప్పుకోవాలి. తగ్గారు. అనుబంధం మూడులో పట్టిక ఉంది."

అతను ముందుకు నడిచి, ముందు వరసలో ఉన్న గ్రంథం ప్రతి అందుకుని అనుబంధం తీశాడు. నిలబడే చదివాడు. వేలు ఒక్కో గడి మీదుగా కిందికి దిగింది, మళ్ళీ పైకి వెళ్ళింది. ఎవరూ తొందరపెట్టలేదు.

"ఈ పట్టిక నేను చూడలేదు," అన్నాడు అన్నయ్య. "నాలుగో అధ్యాయం కాగానే కోపమొచ్చి పుస్తకం మూసేశాను."

ఎక్కడో ఒకరు నవ్వబోయి ఆపుకున్నారు. అతను శాఖ ఉత్తరాన్ని మడిచిన మడతలోనే ఫైల్లో పెట్టేశాడు.

"మా నివేదిక ఈ పట్టిక ముందు నిలబడదు. శాఖ తరఫున అభ్యంతరం లేదు."

కూర్చున్నాడు. గువ్వ బల్ల అంచు గట్టిగా పట్టుకుంది, కళ్ళలో నీళ్ళు తిరగకుండా.

ఫలితం చెప్పడానికి ముందు తెల్లజుట్టావిడ తనకో చిన్న మాట ఉందంది. శాఖ ఫారంలో ఆ ప్రశ్న ఎవరు రాశారో కనుక్కున్నావా అని గువ్వను అడిగింది. పాత కాగితాల్లో వెతికాననీ, పేరు దొరకలేదనీ గువ్వ చెప్పింది.

"దొరకదు. మేం పేర్లు రాసుకోలేదు." ఆవిడ పుస్తకం మూసి దానిమీద రెండు చేతులూ పెట్టింది. "నేనే రాశాను. అప్పుడు నాకు ఇరవై ఆరేళ్ళు. గదిలో ఐదుగురం ఉన్నాం, ఆ మధ్యాహ్నానికి ఫారం అచ్చుకు పంపాలి. చిన్నగా ఉంటే చాలన్నారు, చిన్నగా రాసిచ్చాను. అప్పటినుంచీ ఆ అంకెలతో ఎన్ని పుస్తకాలొచ్చాయో, నేనే మూడు రాశాను. వెనక్కి వెళ్ళి తలుపు తట్టిన మనిషివి నువ్వు ఒక్కదానివే."

చప్పట్లు ఎవరు మొదలుపెట్టారో తెలియదు. గోడలకు ఆనుకున్న చరిత్ర విభాగం వాళ్ళే అయి ఉండాలి, వాళ్ళకు కూర్చున్నవాళ్ళకంటే చేతులు ఖాళీ. ఆ చప్పుడులోనే విభాగాధిపతి ఫలితం చదివాడు. 'డాక్టర్' అన్న మాట తప్ప గువ్వకు ఇంకేదీ వినబడలేదు. వదిన కుర్చీల మధ్య నుంచి దారి చేసుకుంటూ వచ్చి, మాట పొదుపు మనిషి కాబట్టి ఏమీ అనకుండా, ఆమెను గట్టిగా కావలించుకుంది.

తెల్లజుట్టావిడ వెళ్తూ వెళ్తూ గువ్వ దగ్గర ఆగింది. మంత్రివర్గానికి సలహాలిచ్చే కమిటీలో తనూ ఉన్నాననీ, సోమవారం ఆ కమిటీలో ముసాయిదా చర్చకు వస్తుందనీ, ఆ పేరా దగ్గరికి వచ్చేసరికి నాలుగో అధ్యాయం బల్లమీద ఉంటుందనీ చెప్పింది. వచ్చి మాట్లాడతావా అని అడగలేదు. రావాలంది.

గువ్వ వరండాలోకి పరుగెత్తినట్టే వచ్చింది. నోటీసు బోర్డు దగ్గర అన్నయ్య ఫోను చెవి దగ్గర పెట్టుకుని నిలబడి ఉన్నాడు. అటువైపు మాట గట్టిగా ఉన్నట్టుంది, ఫోను కాస్త దూరం జరిపాడు. ఏదో ఒక్క మాట చెప్పాడు. తర్వాత ఫోను వంక చూసి జేబులో పెట్టుకున్నాడు.

"డైరెక్టరు గారా?" అంది.

"ఊఁ."

"ఏమన్నారు?"

"అభ్యంతరం లేదని చెప్పడానికి నువ్వెవరివి, ఎవర్ని అడిగి చెప్పావు అన్నారు."

"నువ్వేమన్నావు?"

అన్నయ్య ఆమె ముఖంలోకి చూశాడు. నాలుగు రోజుల తర్వాత మొదటిసారి.

"మా చెల్లెల్ని అడిగి చెప్పానన్నాను."

ఆమె నవ్వింది, నవ్వుతూనే ఏడ్చింది. అతను చేతి రుమాలు ఇచ్చి, హాల్లో మరీ అంత ధీమాగా సార్ అన్నావే, ఇంట్లో ఒక్కసారైనా అన్నావా అని సాధించడం మొదలుపెట్టాడు. వదిన వెనకనే వచ్చి, ఇప్పుడైనా తిండి తింటారా లేక ఆ పట్టిక కూడా ఇంకోసారి చూసుకోవాలా అంది.

అప్పుడు మళ్ళీ ఫోను మోగింది. అన్నయ్య జేబు తడుముకున్నాడు.

అతనిది కాదు. మోగుతున్నది గువ్వ ఫోను. తెరమీద ఉన్నది ప్రణాళికా శాఖ డైరెక్టరు గారి నంబరు.

అన్నయ్య ముఖంలో నవ్వు పోయింది. తీయొద్దన్నట్టు చెయ్యి చాపాడు.

గువ్వ కళ్ళు తుడుచుకుంది. ఫోను చెవి దగ్గర పెట్టుకుంది.

"చెప్పండి సార్," అంది. "డాక్టర్ని మాట్లాడుతున్నాను."